ఇమర్తికి ఇల్లు

ఉమ్రిలో గానీ, కుండల్‌వాడిలో గానీ, నాందేడ్ వజీరాబాద్‌లో గానీ మీరు ఎప్పుడైనా మిఠాయి దుకాణంలో అద్దం మీద వేలు పెట్టి "అది ఒక పావుకిలో కట్టు" అని ఉంటే, ఆ అద్దం సూర్యకాంత్ బిగించినదే అయి ఉండవచ్చు. కింది మూలన చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఎర్ర అంచు, మధ్యలో మరాఠీ అక్షరాలు: సూర్యకాంత్ షోకేస్ వర్క్స్, చౌఫాలా, నాందేడ్. కింద ఫోను నంబరు. ముప్పై ఒక్క ఏళ్లుగా స్టిక్కర్ మారలేదు. నంబరు రెండుసార్లు మారింది.

ఆయన మిఠాయి తినడు. దుకాణానికి పోతే కౌంటరును చూస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని అడుగు చెక్క తడిసిందా, అద్దం జారుడు సాఫీగా ఉందా అని వేలితో తడుముతాడు. ఇంతవరకు ఆయన చేసిన కౌంటరు ఒక్కటి కూడా వాపసు రాలేదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనడు. ఎవరైనా అంటే మాత్రం వద్దనడు.

తండ్రి మారయ్య కర్ఖేలిలో నాగళ్లు, బండి చక్రాలు, తలుపులు చేసేవాడు. ఎక్కడా పేరు రాసేవాడు కాదు. చేసిన ప్రతి వస్తువులో, రెండు చెక్కలు కలిసే లోపలి ముఖాన, ఉలితో మూడు గీతలు కొట్టేవాడు. ఆ వస్తువు విరిగితే తప్ప గీతలు బయటపడవు.

"బైట కొట్టరాదు బాపూ? నలుగురు చూస్తరు" అన్నాడు చిన్నప్పుడు సూర్యకాంత్.

"నాకెరికైతే చాలదా" అన్నాడు మారయ్య.

ఆ జవాబు కొడుక్కి నచ్చలేదు. పదహారో ఏట నాందేడ్ వచ్చి షోకేసుల పనిలో చేరడానికి అది కూడా ఒక కారణం.

షోకేసు పని అంటే చూపించే పని. తలుపు దాటిన మనిషికి మొదటి అడుగులోనే సరుకంతా కనబడాలి. ముందు అద్దం కాస్త వంగి ఉండాలి, లేకపోతే వీధి అందులో కనిపించి సరుకును కప్పేస్తుంది. వెనక గోడకు నిలువుటద్దం పెట్టాలి, పళ్లెంలో పన్నెండు పేడాలుంటే ఇరవై నాలుగు కనబడాలి. చీకటి మూల ఒక్కటి కూడా ఉండకూడదు. చీకటి మూలలో పెట్టిన మిఠాయి పొద్దుగూకే దాకా అక్కడే ఉండిపోవడం ఆయన చాలాసార్లు చూశాడు.

మారయ్య పోయాక ఆయన పనిముట్ల పెట్టె నాందేడ్ వచ్చింది. టేకు పెట్టె. ఒక్క మేకు లేదు. మూలల్లో చెక్కలు వేళ్లలో వేళ్లు దూర్చుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పక్క చెక్కకు, ఎత్తడానికి పిడికిలి పట్టేంత రంధ్రం. సూర్యకాంత్ దాన్ని ఇంటి ముందరి గదిలో పని బల్ల కింద పెట్టాడు. ఆ గదే ఆయన వర్క్‌షాపు. చెక్కను నునుపు చేసే కరెంటు రంద, కరెంటు రంపం ఉన్న చోట ఆ పెట్టె తెరవాల్సిన అవసరం రాలేదు.

జూన్‌లో, మిరుగం కార్తె తొలి వాన పడ్డ రోజు, కూతురు ప్రాచి ఒక ప్లాస్టిక్ డబ్బాను చంకన పెట్టుకుని ఇంటికి వచ్చింది. ప్రాచికి ఇరవై నాలుగేళ్లు. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే క్లినిక్‌లో పని చేస్తుంది. డబ్బా మూతకు చిన్న చిన్న బొక్కలున్నాయి.

"కుక్కపిల్లనా?" అంది తల్లి వనమాల.

"కాదమ్మా. జర దూరం కూసో."

మూత తీసింది. మణికట్టంత లావు, మూడున్నర అడుగుల పొడవు ఉన్న పాము తలను కడుపులో దాచుకుని ముడిలా చుట్టుకుని ఉంది. ముదురు గోధుమ రంగు మీద అక్కడక్కడ బంగారు మచ్చలు. పక్కటెముకలు కనబడేంత బక్కగా ఉంది.

వనమాల గోడకు ఆనుకుపోయింది. "పామును తెచ్చినవా ఇంట్లకు?"

"విషం లేదమ్మా. కరువది."

"కరువనని అది చెప్పిందా నీకు?"

ప్రాచి నవ్వి, జరిగింది చెప్పింది. కాలేజీ కుర్రవాడెవరో అద్దె గదిలో ఈ పామును పెంచుకున్నాడు. పరీక్షలయ్యాక దాన్ని గదిలోనే వదిలేసి ఊరు విడిచి పోయాడు. ఇరవై రోజుల తర్వాత ఇంటి యజమాని తాళం పగలగొట్టి, పామును చూసి సర్పమిత్ర సిద్ధార్థకు ఫోన్ చేశాడు. ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవిలో వదలడం సిద్ధార్థ పని. చూడగానే అతనికి అర్థమైంది, ఇది మన పాము కాదు, ఆఫ్రికా కొండచిలువ జాతి. ఇక్కడి అడవిలో వదలకూడదు. మన పాములను ఇంట్లో పెంచడం నేరం, దీన్ని మాత్రం కాగితాలుంటే పెంచుకోవచ్చు. వన విభాగం వాళ్లు పంచనామా రాసి, క్లినిక్ డాక్టరు పూచీ మీద మూడు నెలలకు ప్రాచి చేతికి అప్పగించారు.

"సెప్టెంబరు పన్నెండుకు ఫారెస్టు మేడమ్ అచ్చి చూస్తది బాపూ. ఇల్లు సరిగ్గ ఉండాలె, పాము తినాలె. రెండిట్ల ఏది లేకున్న దాన్ని జంతువుల సంరక్షణ కేంద్రానికి తీసుకపోతరు. ఒక రోజంత జీపుల పోవాలె. ఇది గింత బక్కగున్నది. తినకుంట పోతే దారిల పానం నిలుస్తదో లేదో."

సూర్యకాంత్ డబ్బాలోకి వంగి చూశాడు. దగ్గరకు పోలేదు. "ఇమర్తి లెక్క చుట్టుకున్నది" అన్నాడు.

చుట్టలు చుట్టలుగా వేసే ఆ మిఠాయి పేరు దానికి అక్కడే నిలిచిపోయింది.

"ఇల్లు నేను చేస్త" అన్నాడాయన.

బడికి పోయే రోజుల్లో చదువుకునే బల్ల చేసిచ్చాక, కూతురికి ఆయన చేతి పని మళ్లీ ఎప్పుడూ అవసరపడలేదు. ప్రాచి కాగితం మీద కొలతలు రాసిచ్చింది. పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండు, ఎత్తు అడుగున్నర. ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం. నీళ్ల గిన్నె. దాక్కునే చోట్లు రెండు. రాసిచ్చి, పదిరోజుల శిక్షణకు పర్భణీ పోయింది. పాము ఆ పదిరోజులూ క్లినిక్‌లో ఉంది. అక్కడ ఏమీ తినలేదు. ఇల్లు కుదిరితే తింటుందిలే అన్నారు డాక్టరు.

సూర్యకాంత్ కాగితాన్ని గోడకు అంటించి పని మొదలుపెట్టాడు. కొలతల్లో నూలు తేడా రానివ్వలేదు. మూడు వైపులా మంచి మందం అద్దం. ముందు అద్దానికి వంపు. వెనక నిలువుటద్దం. పై మూలల్లో తెల్లటి ఎల్ఈడీ పట్టీలు. కింద సన్మైకా, నీళ్లు పడితే తుడుచుకోవచ్చు. కాగితంలోని చివరి మాట కూడా చదివాడు. రెండు పూలకుండీలను సగానికి కోసి మూలల్లో బోర్లించాడు. అవి కూడా వీలైనంత వెడల్పు నోటివి, లోపల ఏముందో బయటికి తెలిసేటట్టు. ఆ మాట ఆయనకు అర్థం కాక కాదు. ముప్పై ఒక్క ఏళ్ల చెయ్యి దాన్ని దాటుకుని పోయింది.

చివరికి కింది మూలన స్టిక్కర్ అంటించి, బొటనవేలితో రెండుసార్లు ఒత్తాడు.

ప్రాచి పర్భణీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. దీపాలు వెలుగుతున్నాయి. ఖాళీ పెట్టె మిఠాయి లేని మిఠాయి దుకాణంలా మెరుస్తోంది. దాని పక్కన తండ్రి, చేతులు తుడుచుకుంటూ. కూతురు ఆయన ముఖం చూసింది.

"మస్తుగున్నది బాపూ" అంది.

పామును అందులోకి వదిలారు. అద్దంలో ఇంకో పాము కనిపించింది. వనమాల ముక్కు మీద వేలేసుకుంది. "ఒకటి తెస్తే రెండైనయి."

గల్లీ అంతా వచ్చి చూసింది. మిఠాయి దుకాణం జ్ఞానేశ్వర్ వచ్చాడు. సూర్యకాంత్‌కు పాతికేళ్ల స్నేహితుడు, మరాఠీలో అన్నా అన్నట్టు 'భావూ' అని పిలుస్తాడు. అద్దం చుట్టూ తిరిగి చూసి, "సూర్యకాంత్ భావూ, నా కౌంటర్ల గింత వెలుగు పెట్టలేదు నువ్వు. నా పేడా కంటే నీ పాము ఎక్కువైందా?" అన్నాడు.

"నీ పేడా రోజుకింత ఎండుతది. దానికి వెలుగు పెడితే పగుళ్లు కనబడ్తయి" అన్నాడు సూర్యకాంత్.

పాము తినలేదు. కొత్త చోటు గదా అన్నారు. రెండో వారం తినలేదు. ప్రాచి వారానికోసారి, మంచులో నిలవచేసిన ఎలుకను గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పట్టకారుతో ముందు పెట్టేది. పాము తలను ఇంకా లోపలికి దూర్చుకునేది. అందరూ పోయాక లేచి, అద్దం వెంబడి ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు ముక్కు రాసుకుంటూ తిరిగేది. అద్దం మీద తడి గీత పడేది. సూర్యకాంత్ పొద్దున్నే గుడ్డతో దాన్ని తుడిచేసేవాడు.

ప్రాచి ఒకరోజు అమ్మ పాతచీర తెచ్చి పెట్టె ముందు కట్టింది. క్లినిక్ నుంచి తిరిగి వచ్చేసరికి చీర మడిచి కుర్చీ మీద ఉంది.

"ఉమ్రి నుంచి గిరాకీలు అచ్చిండ్రు. చూస్తమన్నరు" అన్నాడు సూర్యకాంత్.

ప్రాచి చీర తీసుకుపోయి లోపల పెట్టింది.

నాగుల పంచమికి గల్లీ ఆడవాళ్లు పసుపు, కుంకుమ, జొన్న పేలాలు, గిన్నెలో పాలు పట్టుకుని వరసగా వచ్చారు. వనమాల పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరినీ లోపలికి పంపింది. అప్పటికి ఆమె భయం పోయి చాలా రోజులైంది. పాము పాలు తాగదని ప్రాచి చెబుతుంటే, "తాగకున్న సరే, చూస్తది గదా" అందొక ముసలామె. మధ్యాహ్నానికి ముందు అద్దమంతా పసుపు వేళ్లే. లోపల పాము ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి, అక్కడినుంచి ఇటు, ఎక్కడా ఆగకుండా తిరిగింది.

ఆ సాయంత్రం ప్రాచి జ్ఞానేశ్వర్ దుకాణం నుంచి తూకం మిషను తెప్పించి పామును తూచింది. వచ్చిన నాడు తొమ్మిది వందల పది గ్రాములు. ఇప్పుడు ఎనిమిది వందల ఇరవై. ముక్కు మీద పొలుసులు లేచి, ఎర్రగా బియ్యపు గింజంత పుండు పడింది.

"తూకం కడిగి పంపండ్రి" అన్నాడు దాని వెంట వచ్చిన జ్ఞానేశ్వర్. ఎవరూ నవ్వలేదు. అతను కూడా నవ్వలేదు.

ఎడ్లకు మొక్కే పొలాల పండుగ రోజు పని లేదు. గల్లీలో పిల్లలు మట్టి ఎడ్లకు రంగులు వేస్తున్నారు. సూర్యకాంత్ పెట్టె పై పలక జరిపి, లోపలి అద్దం తుడుస్తూ ఉండగా ఫోన్ మోగింది. కుండల్‌వాడి గిరాకీ. రెండు నిమిషాలు మాట్లాడాడు. తిరిగి చూస్తే నిలువుటద్దంలో రెండు కుండీలు, వాటి నీడలు. పాము లేదు.

తలుపు మూసి ఉంది, కిటికీకి జాలీ ఉంది. పాము గదిలోనే ఉండాలి. వనమాల తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. ప్రాచి నేల మీద పడుకుని మూల మూలా టార్చి వేసింది. సూర్యకాంత్ ప్లైవుడ్ పలకలు ఒక్కొక్కటే జరిపాడు. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఆయన జరిపిన పలకలనే మళ్లీ జరిపాడు.

"బాపూ" అంది ప్రాచి, పని బల్ల కింద నుంచి. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఇటు రా. చప్పుడు చేయకు."

మారయ్య పెట్టె. పిడికిలి పట్టే రంధ్రం చుట్టూ దుమ్ము తుడుచుకుపోయి ఉంది. సూర్యకాంత్ మూతను వేలెడంత ఎత్తాడు.

లోపల తండ్రి పనిముట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. గోనెగుడ్డలో చుట్టిన ఉలులు, బాడిస, సుత్తె, చేతి రంపం. చేతి రందను పెట్టుకోవడానికి మారయ్య చెక్కతో ఒక అర కట్టుకున్నాడు. ఆ రంద ఎప్పుడో కర్ఖేలిలోనే ఎవరో తీసుకుపోయారు. ఆ ఖాళీ అరలో ఇమర్తి చుట్టుకుని ఉంది. ఒంటికి నాలుగు వైపులా చెక్క తగులుతోంది. వేలు దూర్చడానికి చోటు లేదు. తల దాచుకోలేదు. చుట్టల మీద గడ్డం ఆనించి, బయటకే చూస్తోంది. కడుపు నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది. వచ్చిన రెండు నెలల్లో అది అంత నెమ్మదిగా ఊపిరి తీయడం సూర్యకాంత్ చూడలేదు.

"తీయకు" అంది ప్రాచి. "ఉండనియ్."

ఆయన మూత దించాడు. నేల మీద కూలబడ్డాడు. ఎదురుగా అద్దాల పెట్టె, అన్ని దీపాలూ వెలుగుతూ. నిలువుటద్దంలో తన ముఖమే కనిపించింది.

"దానికి కనబడుడు ఇష్టం లేదు" అన్నాడు.

"లేదు."

"దాసుకునే చోట్లు రెండని రాసిచ్చినవ్ నువ్వు."

"రాసిచ్చిన. గని మొదటి రోజే నోటితోని చెప్పాల్సుండె బాపూ. నీ ముఖం చూసి చెప్పలేకపోయిన."

"చెప్తే ఇంటుంటినా?"

ప్రాచి ఆలోచించింది. "ఇనకపోతుంటివి."

"ఇనకపోతుంటి" అన్నాడు సూర్యకాంత్.

లేచి స్విచ్చి ఆపాడు.

మరునాడు ఆయన అద్దాల పెట్టెను విప్పలేదు, విరగ్గొట్టలేదు. గుడ్డ కప్పి పక్కకు పెట్టాడు. కూతురిని పిలిచి, "దీన్ని ఎట్ల పట్టాలె?" అన్నాడు. ఇన్ని రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా పామును తాకలేదు.

"పట్టకు. కింద చెయ్యి పెట్టి మొయ్యి."

రెండు చేతులూ కింద పెట్టి మోశాడు. తడిగా, జిగటగా ఉంటుందనుకున్నాడు. పొడిగా ఉంది. అప్పుడే రంద పట్టిన టేకు మీద అరచెయ్యి ఆనించినట్టుంది. లోపల బరువు మెల్లగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి జరిగింది. బల్ల మీద ఖాకీ కాగితం పరిచి దాన్ని అక్కడ దించాడు. తలుపు వేసి, దీపం ఆపి, కిటికీ వెలుగులో కదలకుండా కూర్చున్నాడు. పావుగంటకు పాము చుట్టుకుంది. చెవి మీది పెన్సిలు తీసి, దాని ఒంటి చుట్టూ, దానికి తగలకుండా గీత గీశాడు.

కాగితం మీద మిగిలిన ఆకారాన్ని కొలిచాడు. తొమ్మిది అంగుళాలకు పది. నాలుగడుగుల ఇంట్లో దానికి కావలసింది అంత.

సెప్టెంబరు పన్నెండుకు ఇరవై రోజులున్నాయి. ప్రాచి ఈసారి అన్నీ నోటితోనే చెప్పింది. దేవదారు వాసన పడదు. కొత్త ప్లైవుడ్ వద్దు. పాలిష్ వద్దు, వార్నిష్ వద్దు. సూర్యకాంత్ దగ్గర, ఉమ్రిలో ఒక దుకాణం నుంచి మార్పిడికి వచ్చిన, వేరే ఎవరో చేసిన పాత కౌంటరు టేకు పలకలున్నాయి. ఎండి ఎండి వాసన పోయిన చెక్క. దాన్ని తీశాడు. పాము మాత్రం, రంధ్రానికి జాలీ కట్టిన తండ్రి పెట్టెలోనే, బల్ల కిందే ఉంది. కరెంటు రంద వేస్తే నేల అదురుతుంది. అందుకని యంత్రాల ప్లగ్గులన్నీ పీకేశాడు.

ఉలి, సుత్తె, చేతి రంపం తండ్రివి. రంద ఒకటి జ్ఞానేశ్వర్ వాళ్ల అన్న ఇంట్లో ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. చెక్కలో చెక్క దూరే ఆ మూలలు ఆయన పదిహేనో ఏట నేర్చుకున్నవి, తర్వాత విడిచిపెట్టినవి. మొదటి మూల పగిలింది. రెండోది వదులైంది. పగిలిన ముక్కను పక్కన పెట్టి మళ్లీ గీత గీశాడు. మూడో రోజుకు అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

వనమాల చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ప్రాచి బాపూ, గంత కరెంటు మిషను కొన్నవ్. బొబ్బలెందుకు?"

"మిషను ఏస్తే అది బుగులు పడ్తది."

"నా పెండ్లయి ఇరవై ఏడేండ్లాయె. ఒక్క దినమన్న నాకు నిద్ర చెడ్తదని మిషను ఆపినవా?"

"నువ్వు ఇమర్తివి కాదు గదా."

"నేను లడ్డూను" అంటూ వనమాల లోపలికి పోయింది. పోతూ తలుపు చప్పుడు కాకుండా వేసింది.

ఎనిమిది రోజులకు ఇల్లు నిలబడింది. మూడు వైపులా చెక్క. ముందు మాత్రం జానెడు ఎత్తు అద్దం, దాని మీద నల్ల గుడ్డ తెర. లోపల రెండు చిన్న పెట్టెలు, ఖాకీ కాగితం కొలతకు, ఒకటి వేడి పక్కన, ఒకటి చల్ల పక్కన. ఏ పక్కన ఉన్నా దాక్కోగలగాలి, దాక్కోవడానికి వేడినో చల్లదనాన్నో వదులుకోకూడదు. రెండింటికీ లోపలికి పోయే దారి పిడికిలి పట్టేంత. వేడి పక్కన నేల కింద వెచ్చటి పట్టీ, అది హద్దు దాటకుండా ఆపే చిన్న యంత్రం. నేల మీద కొబ్బరిపీచు పొట్టు. పాము ఒళ్లంతా ముంచుకోగల నీళ్ల గిన్నె. గణపతి పందిళ్ల దగ్గర డోళ్లు మొదలయ్యాయి కాబట్టి, కాళ్ల కింద గోనె మడతలు పెట్టాడు. నేల అదిరినా పెట్టె అదరదు.

చివరి మూలను బిగించబోయే ముందు సూర్యకాంత్ ఆగాడు. తండ్రి ఉలి తీసి, కలిసే లోపలి ముఖాన మూడు గీతలు కొట్టాడు. తర్వాత చెక్కను సుత్తెతో మెల్లగా దింపాడు. గీతలు మూసుకుపోయాయి.

జ్ఞానేశ్వర్ వచ్చి ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు, తెర ఎత్తబోతే సూర్యకాంత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాము ఏది?"

"లోపల ఉన్నది."

"కనబడ్త లేదు గదా."

"కనబడద్దనే చేసిన."

"భావూ, నా దుకానంల గిట్ల పెడితే నేను చిప్ప పట్టుకోని స్టేషన్ కాడ కూసోవాలె."

"నీకు ఆ అద్దాలది ఇస్త తీసుకపో. ఖోవా బర్ఫీకి మంచిగుంటది."

ఆ పెట్టె ఇప్పటికీ జ్ఞానేశ్వర్ దుకాణంలో ఉంది. కడిగి, వేడినీళ్లతో తుడిచి, పది రోజులు ఎండలో పెట్టాకే పంపారు. అందులో ముందు ఏముండేదో గిరాకీలకు చెప్పొద్దని వనమాల అతనితో ఒట్టు వేయించుకుంది.

పామును కొత్త ఇంట్లోకి వదిలి, నాలుగు రోజులు ఎవరూ తెర ఎత్తలేదు. అది వేడి పక్క పెట్టెలో ఉందో చల్ల పక్క పెట్టెలో ఉందో కూడా తెలియదు. సూర్యకాంత్ పొద్దున్నే గుడ్డ పట్టుకుని అలవాటుగా పోయేవాడు. తుడవడానికి అద్దం కనబడేది కాదు, ముందు తెర ఉండేది. తిరిగి వచ్చేవాడు.

ఐదో రోజు పొద్దుగూకే వేళ ప్రాచి ఎలుకను వెచ్చచేసి తెచ్చింది. వేడి పక్క పెట్టె ముందు దాన్ని పెట్టి, అద్దం జరిపి, తెర దించింది. ముగ్గురూ లోపలి గదిలో కూర్చున్నారు. వనమాల టీవీ పెట్టలేదు. చాయ్ చల్లారిపోయింది. బయట ఎక్కడో గణపతి పాట.

పావుగంట. అర్ధగంట.

ముందరి గదిలో చెక్క మీద ఒక్కసారి ధబ్‌మని చప్పుడైంది.

సూర్యకాంత్ లేచాడు. ప్రాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు చూడద్దు బాపూ. చూస్తే వదిలేస్తది."

ఆయన కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడికీ కనబడాలని ముప్పై ఒక్క ఏళ్లు అద్దాలు బిగించిన మనిషి, మూడు నెలలుగా తాను ఎదురుచూసింది గోడ అవతల జరుగుతుంటే, చూడకుండా కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, తెల్లారేదాకా అయినా కూర్చునేటట్టు వీపు గోడకు ఆనించాడు. వనమాల ఆయన వైపు చూసి, చల్లారిన చాయ్ తీసుకుని వేడిచేయడానికి పోయింది.

పొద్దున ప్రాచి తెర ఎత్తింది. ఎలుక లేదు. పాము కూడా కనబడలేదు. పీచుపొట్టు మీద పెట్టె గుమ్మం దాకా ఈడ్చిన ఒక దారి మాత్రం ఉంది.

సెప్టెంబరు పన్నెండున వన విభాగం నుంచి శ్రద్ధ మేడమ్ వచ్చింది. ధర్మాబాద్ ఆమె కాబట్టి తెలుగులోనే మాట్లాడింది. వెంట ఒక గార్డు, చేతిలో రాసుకునే కాగితాలు. గదిలోకి వచ్చి చుట్టూ చూసింది. పని బల్ల, టేకు పొట్టు, నల్ల తెర ఉన్న ఒక చెక్క పెట్టె.

"పాము ఎక్కడున్నది?"

"దాని ఇంట్ల ఉన్నది మేడమ్" అన్నాడు సూర్యకాంత్.

ఆమె తెర కొంచెం ఎత్తి టార్చి వేసింది. లోపలి రెండు థర్మామీటర్లు చూసి అంకెలు రాసుకుంది. నీళ్లలో వేలు పెట్టి చూసింది. చెక్క మీద అరచెయ్యి పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చివర్లో ప్రాచి చల్ల పక్క పెట్టె మూత తీసింది. ఇమర్తి నిండుగా చుట్టుకుని ఉంది. ముక్కు మీద పుండు మాని, అక్కడ కొత్త పొలుసు లేతగా మెరుస్తోంది. తూకం ఎనిమిది వందల అరవై చూపించింది.

గార్డు ఫోటో తీశాడు. ఇంకోటి తీయబోతే సూర్యకాంత్, "ఒకటి చాలు సాహేబ్. దానికి మంచిగ అనిపియ్యది" అన్నాడు.

మేడమ్ ఆయన వైపు చూసింది. తర్వాత తానే మూత పెట్టేసి, బల్ల మీద కాగితాలు పరిచి సంతకం చేసింది. ప్రాచి చేత చేయించింది. పాము ఇక్కడే ఉంటుంది, పక్కా కాగితం నెలలోపు వస్తుంది అంది. వనమాల గోడకు ఆనుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

పోతూ పోతూ మేడమ్ పెట్టె దగ్గర మళ్లీ ఆగింది. మూలలను వేలితో తడిమింది.

"మేకు లేదు గదా ఎక్కడ. ఎవరు చేసిండ్రు ఇది?"

"మా ఇంటాయన" అంది వనమాల, సూర్యకాంత్ నోరు తెరవకముందే. "షోకేస్ వర్క్స్. ఉమ్రి దాక, కుండల్‌వాడి దాక ఈయన కౌంటర్లే."

"మరి దీని మీద పేరు లేదు?"

సూర్యకాంత్ చొక్కా జేబులో ఎర్ర అంచు స్టిక్కర్లు ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. ఆయన చెయ్యి అటు పోలేదు.

"ఉన్నది మేడమ్. లోపలి దిక్కు."

"చూపియ్యండ్రి."

"పెట్టె విరిగితే కనబడ్తది."

మేడమ్ నవ్వింది. "ఎప్పుడు విరుగుతది?"

"విరగది" అన్నాడు సూర్యకాంత్, తెర సరిచేస్తూ.